మరమరాల చొక్కా

రోజు 1

"రోజూ నాలుగు ముక్కలు రాయి. ఏం చేశావో, ఎంతసేపు కూర్చున్నావో. చివర్లో ఒక్కసారే చదువుతాను. అబద్ధాలు రాస్తే నీ ఎముకలే నాకు చెబుతాయి" అని డాక్టర్ ముంతాజ్ ఈ పుస్తకం చేతిలో పెట్టింది. సరే, రాస్తున్నాను. ఇవాళ తొమ్మిది గంటలు కూర్చున్నాను. నిజం రాయడం ఇంత తేలికని అనుకోలేదు.

అసలు సంగతి వేరే ఉంది. దిగుడు చీటీ నా పేరున వచ్చింది! చంద్రుడి మీద పుట్టినవాళ్ళం మా ఊళ్ళో ఏడువందల మందిమి. ఏడాదికోసారి చీటీలు తీస్తారు. పేరొచ్చిన ఇద్దరు పదిహేను రోజులు భూమ్మీదికి దిగి రావచ్చు. ముప్ఫై ఐదు నిండితే మాత్రం మొదటిసారి దిగడానికి ఒప్పుకోరు, ఎముకలు తట్టుకోవట. నాకు నిండేది ఇంకో నాలుగు నెలల్లో. అంటే ఇప్పుడైతే ఇప్పుడు, లేకపోతే ఈ జన్మకి లేదు.

దిగి ఏం చేస్తావని మా ఆఫీసులో అందరూ అడిగారు. సముద్రం చూస్తానన్నాను. పన్నెండేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నావుగా అని నవ్వారు. నిజమే, నా ఉద్యోగమే అది. పెద్ద దుర్భిణీ అద్దంలోంచి బంగాళాఖాతాన్ని చూస్తూ, నీటి రంగు మారిన చోట చేపల మంద ఉందని కింద పడవలవాళ్ళకి కబురు చెప్పడం. కానీ పైనుంచి చూడడం వేరు, పాదం పెట్టడం వేరు. ఆ నీళ్ళు నా కాళ్ళకి తగలాలి. అంతే నా కోరిక.

నా పేరు నాగావళి. ఇక్కడ పుట్టినవాళ్ళకి భూమ్మీది నదుల పేర్లు పెట్టుకుంటారు, చూడని వాటి మీద ఉండే మోజు కొద్దీ. నా పక్క బల్ల అతని పేరు మున్నేరు. పేరుకి ఇద్దరం నదులమే గానీ పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా అంగుళం కదలం.

చీటీ ఒక్కటే వస్తే చాలదు, బిందె పరీక్ష గెలవాలి. మా ఊరి చివర రాట్నం గది ఉంది. అది గిరగిరా తిరుగుతుంటే లోపలున్నవాళ్ళకి భూమ్మీద ఉన్నంత బరువు వస్తుంది. ఇక్కడ తూగేదానికి ఆరింతలు. అందులో నిండు బిందె చంకన పెట్టుకుని ఇరవై ఒక్క మెట్లు ఎక్కాలి. మధ్యలో బిందె దించకూడదు. గడువు తొంభై రోజులు.

రోజు 2

భీమిలి దగ్గర ఒక రేవులో వైర్‌లెస్ చూసే గురమ్మత్తకి చీటీ సంగతి చెప్పాను. పన్నెండేళ్ళ స్నేహం మాది, ఒకరి మొహం ఒకరం ఎరగం. నేను చేపల జాడ చెబితే ఆవిడ పడవలకి అందిస్తుంది. మన మాట అక్కడికి వెళ్ళి, వాళ్ళ మాట ఇక్కడికి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. గురమ్మత్తని ఎప్పుడు పిలిచినా ఆ మూడు సెకన్లే, నాలుగోది పట్టదు.

"ఒలమ్మ ఒలమ్మ! వొచ్చీస్తావేటే గుంటా? వొచ్చీ! ముంత మసాలా సేయించి పెడతాను. ఇద్దరం నీటి కాడికెల్లి నిలబడదాం" అంది. ఆవిడ వెనకాల ఎప్పుడూ వినిపించే కిర్రు కిర్రు చప్పుడు వినిపించింది. పడవ తాళ్ళు కాబోలు. "నాను రోజుకి వందసార్లు గుట్టెక్కి దిగుతాను. నాకు కాలు నిలవదు. నువ్వేటి సేస్తావక్కడ?"

"కూర్చుంటాను అత్తా."

"పగలంతానా?"

"పగలంతా."

మూడు సెకన్లు గడిచాయి. ఇంకో నాలుగు కూడా గడిచాయి.

"ఓసి నీ కూకోడం కూలిపోనూ" అంది.

రోజు 3

రాట్నం గదిలో మొదటి ప్రయత్నం. బిందె ఖాళీదే. నాలుగు మెట్లెక్కి అయిదో మెట్టు మీద కూలబడ్డాను. గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంది. నా కాళ్ళు నావేనా, ఎవరివో అతికించారా అనిపించింది. నన్ను బయటికి తెచ్చిన మున్నేరు, "పోన్లే నాగావళీ, మొదటిరోజు కదా. అయినా బిందెలో నీళ్ళు లేవు కాబట్టి ఒక్క చుక్క కూడా ఒలకలేదు" అని ఓదార్చాడు. వాడి ఓదార్పు తగలెయ్య.

రోజు 4

రేపట్నుంచి పొద్దున్నే గంటసేపు వ్యాయామం. ఒట్టు.

రోజు 11

ఒట్టు నిలబెట్టుకుంటున్నాను. గంట సైకిలు తొక్కి, చెమటలు కక్కి, నేరుగా వచ్చి కుర్చీలో పడుతున్నాను. గంట కష్టపడ్డాను గదా అని ఇదివరకటి కంటే ఇంకా హాయిగా కూర్చుంటున్నాను.

నా బల్ల గురించి ఇక్కడ ఒక ముక్క రాయాలి. ఆఫీసుకే ఆదర్శం అది. ఎడమ చెయ్యి చాస్తే మంచినీళ్ళ గొట్టం, కుడి చెయ్యి చాస్తే మైకు. కుర్చీకి చక్రాలు. గోడ మీద పడవల పేర్ల చీటీలు మార్చడానికి చివర కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర. ఆ కర్రతోనే నేలని తోసుకుంటూ ఎక్కడికైనా పోతాను. పన్నెండేళ్ళలో ఒక్కొక్కటే అమర్చుకున్నాను. కాలితో పని లేకుండా బతకడం కూడా ఒక కళే.

రోజు 16

అబద్ధం రాయకూడదు కాబట్టి ఇదీ రాసేస్తున్నాను. డాక్టరమ్మ చదివేనాటికి నేను భూమ్మీద ఉంటానని ధైర్యం.

ఎముకలు గుల్లబారకుండా ఊళ్ళో అందరూ పగలంతా బరువు చొక్కా వేసుకోవాలని రూలు. దానికి పన్నెండు జేబులు. జేబుల నిండా ఇక్కడి మట్టి కూరుకోవాలి. ప్రతి సోమవారం ఆఫీసు గుమ్మంలో తూకం వేస్తారు. తూకం అయిన మరుక్షణం మా ఆఫీసు మొత్తం ఆ మట్టిని పూలకుండీల్లోకి పోసేస్తుంది. చొక్కా చప్పబడితే అనుమానం వస్తుందని దాని బదులు మరమరాలు నింపుకుంటాం. రాకెట్టులో వచ్చే సరుకుల్లో బరువు లేనివి అవే. అందుకే మా ఊళ్ళో మరమరాలకి కొరత లేదు. ఉగ్గాణీ అవే, ఉప్మా అవే, ప్రసాదమూ అవే. చొక్కా ఉబ్బుగా ఉంటుంది, ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, పైగా నాలుగింటికి ఆకలేస్తే నాలుగో జేబు విప్పుకుని తినొచ్చు.

ఇది ఎవరు కనిపెట్టారని అడక్కండి. నేనే.

రోజు 24

ఇరవై రోజుల సైకిలు తర్వాత మళ్ళీ రాట్నం గది. ఖాళీ బిందెతో ఏడు మెట్లు. ఇలా లెక్కేస్తే నిండు బిందెతో ఇరవై ఒకటి ఎక్కేసరికి నాకు అరవై ఏళ్ళొస్తాయి. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

రోజు 25

ఈ రోజు గురించి రాయాలంటే సిగ్గేస్తోంది, అయినా రాస్తాను.

డాక్టర్ ముంతాజ్ చెప్పాపెట్టకుండా మా ఆఫీసుకి వచ్చింది. నా ఎముకల ఫొటో పట్టుకుని, "రోజూ గంట సైకిలు తొక్కుతున్నావు, బరువు చొక్కా వేసుకుంటున్నావు. మరి ఎముకలో వీసమెత్తు మార్పు లేదేమిటి?" అంది. "ఏమో డాక్టరమ్మా, మా వంశమే అంత" అన్నాను. లేచి కుర్చీ ఇద్దామని గబుక్కున తిరిగాను. చొక్కా కొక్కెం కర్రకి తగులుకుని భుజం దగ్గర్నుంచి నడుం దాకా చిరిగింది.

భూమ్మీదైతే జర్రున కిందపడి ఒక్క నిమిషంలో అయిపోయేది. ఇక్కడ అలా కాదు. మరమరాలు గాల్లోకి లేచాయి, తీరిగ్గా తిరిగాయి, ఒక్కొక్కటే వయ్యారంగా దిగాయి. ఎంతకీ అయిపోవు! డాక్టరమ్మ జుట్టు మీద, ఫొటో మీద, కళ్ళజోడు మీద. ఆవిడ భుజం మీద వాలిన మరమరాన్ని తీసి నోట్లో వేసుకుని నమిలింది.

"ఉప్పు సరిపోయింది" అంది.

తర్వాత అందరి చొక్కాలూ విప్పించింది. పదకొండు మందివీ మరమరాలే. మా ఆఫీసరు వరహాలరావు గారు కింద పుట్టి వచ్చినాయన, నీతి నియమం అని రోజూ చెబుతారు. ఆయన చొక్కాలో పేలాలున్నాయి.

"నీ చీటీ ఇప్పుడే చింపెయ్యాలి" అంది ముంతాజ్ నాతో. ఆవిడ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. "నువ్వు మోసం చేసింది నన్ను కాదు నాగావళీ. ఈ కాళ్ళతో దిగితే ఒడ్డు దాకా కూడా వెళ్ళలేవు. మంచం మీంచి కిటికీలో చూసి వస్తావు. దానికైతే ఇక్కడున్న అద్దమే మేలు."

"మరి సైకిలు?"

"గంట ఒళ్ళొంచి తొమ్మిది గంటలు బొమ్మలా కూర్చోవడమా? అడుగున చిల్లున్న కుండకి పొద్దున్నే నీళ్ళు పోసినట్టు. గడువు దాకా చూస్తాను. తర్వాత నన్నడక్కు."

ఆవిడ వెళ్ళాక పదకొండు మందిమీ సాయంత్రం దాకా ఊడ్చాం. ఊడ్చినవి మళ్ళీ లేచేవి.

రోజు 26

గురమ్మత్తకి అంతా చెప్పుకున్నాను. నవ్వీ నవ్వీ ఆవిడకి దగ్గొచ్చింది. తర్వాత మంచి మాట చెప్పింది.

"ఒకేపాలి కుమ్మరించీకే. రోజంతా సల్లుకో. ఒడ్డునున్న ఆడది యాయామం సేస్తాదేటి? నీటికెల్తాది, వస్తాది. వల కాడికెల్తాది, వస్తాది. గంప దించుతాది, ఎత్తుతాది. కూకున్నట్టే ఉంటాది, ఇంతలో లేస్తాది. నీకు సేతికందినవన్నీ దూరంగా ఎట్టీ. అవే నిన్ను లేపుతాయి."

పన్నెండేళ్ళుగా దగ్గరికి లాక్కున్నవాటిని ఇవాళ దూరంగా పెట్టాను. గొట్టం పీకించాను. నీళ్ళు కావాలంటే వసారా చివరి కుళాయి దగ్గరికి వెళ్ళాలి. కొక్కెం కర్రని వరహాలరావు గారికి బహుమతిగా ఇచ్చాను. అద్దాన్ని నిలబడితే కళ్ళకి అందే ఎత్తుకి జరిపించాను. కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్తుంటే మున్నేరు అడ్డుపడి, "నీకొద్దా? అయితే నాకియ్యి, కాళ్ళు పెట్టుకుంటాను" అన్నాడు. ఇచ్చాను.

చొక్కాలో మట్టి నింపాను. నిజం మట్టి.

రోజు 31

పిక్కలు, తొడలు, నడుం, ఇంకా నాకు పేరు తెలియని చోట్లన్నీ నొప్పి. పడవ చోటు మారినప్పుడల్లా గోడ దాకా నడిచి చేత్తో చీటీ మారుస్తున్నాను. ఇవాళ నలభై మూడు సార్లు. ఉప్పాడ వైపు పడవలవాళ్ళు ఊరికే చోట్లు మారుస్తుంటారు, వాళ్ళకి పుణ్యముంటుంది.

రోజు 38

నాలుగు రోజుల కిందట, ఆఫీసు మొత్తానికి మంచినీళ్ళు నేనే మోస్తానన్నాను, బిందెతో. మొదట నవ్వారు. రెండోరోజు నుంచి మొహమాటపడ్డారు. ఇవాళ వరహాలరావు గారు, "ఆడకూతురు మోస్తుంటే మేం కూర్చుని తాగడం బాలేదమ్మా" అని తన చెంబు తను పట్టుకుని కుళాయి దాకా వెళ్ళారు. దారిలో రెండుసార్లు ఆగారు. తిరిగొచ్చాక ఆ చెంబు నీళ్ళు గర్వంగా అందరికీ చూపించి తాగారు.

మరమరాల డబ్బాని మున్నేరు అటక మీదికి ఎక్కించాడు. కావలసినవాళ్ళు నిచ్చెనెక్కి తినాలిట. వాడు మధ్యాహ్నంలోపే ఆరుసార్లు ఎక్కాడు.

రోజు 52

పావు బిందె నీళ్ళతో పద్నాలుగు మెట్లు! గురమ్మత్తకి చెబితే ఈల వేసింది. అరవై ఏళ్ళ మనిషి అంత బాగా ఈల వేస్తుందని నాకు తెలీదు. "నువ్వివాళ ఎన్నిసార్లు గుట్ట దిగావు అత్తా?" అంటే, "లెక్కెవులెట్టారే" అంది. కిర్రు కిర్రు.

ఈ వయసులో ఆవిడ అంత తిరుగుతుంటే నాకేం రోగం? ఆవిణ్ణి తలుచుకునే రోజూ లేస్తున్నాను.

రోజు 67

పొద్దున్న అద్దంలో చూస్తే నీటి రంగు బాలేదు. దక్షిణం వైపు మబ్బు సుడి చుట్టుకుంటోంది. గురమ్మత్త రేవు పడవలు ఇరవై ఆరు లోపలున్నాయి. వాటిలో ఒకటి ఆవిడ మేనల్లుడు ఎర్రయ్యది.

పదకొండు గంటలు అద్దం ముందు నిలబడ్డాను. మబ్బు సందుల్లోంచి ఒక్కో పడవనీ వెతకడం, దారి చెప్పడం, గోడ దాకా వెళ్ళి చేరినదాని చీటీ తీసెయ్యడం. ఒకసారి మున్నేరు కుర్చీ తెచ్చి వెనకాల పెట్టాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని భయమేసి తీసెయ్యమన్నాను. ఇరవై అయిదు చేరాయి. ఎర్రయ్య పడవ కనిపించలేదు. గురమ్మత్త ఊపిరి మాత్రం వినిపిస్తోంది. చివరికి తెల్లటి నురగ పక్కన చిన్న చుక్క కనిపించింది. "ఎడమకి తిప్పమను అత్తా, ఎడమకి!" అని అరిచాను.

అరగంట తర్వాత, "సేరిపోనాడే! సేరిపోనాడు నా బాబు!" అని ఆవిడ బావురుమంది. నేనూ ఏడ్చాను. మున్నేరు ముక్కు చీదుకుని, జలుబన్నాడు.

"నాను ఒడ్డుకి పరిగెట్టి, ఆణ్ణి సూసొచ్చి నీకు సెప్తన్నాను" అంది. ఎంత చురుకైన మనిషో!

రోజు 68

మోకాలు బూరెలా వాచింది. నాలుగు రోజులు మెట్లెక్కొద్దంది ముంతాజ్. "పదకొండు గంటలు నిలబడ్డావట?" అని అడిగింది. తిడుతుందనుకున్నాను. మోకాలికి తనే నూనె రాసింది.

రోజు 82

ముప్పావు బిందెతో పంతొమ్మిది మెట్లు. అక్కడ కాళ్ళు ఆగిపోతున్నాయి. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ పంతొమ్మిదే. ఇంకా ఎనిమిది రోజులు. భయంగా ఉంది.

రోజు 90

బిందె నిండా పోశారు. ఆఫీసు ఆఫీసంతా రాట్నం గది అద్దం బయట నిలబడింది. నిలబడింది అని ఊరికే రాయలేదు, కుర్చీలున్నా ఒక్కరూ కూర్చోలేదు.

పది దాకా బాగానే వెళ్ళాను. పదిహేను దగ్గర చెయ్యి జారింది, కొంచెం ఒలికింది. పంతొమ్మిదో మెట్టు మీద కాళ్ళు ఎప్పటిలాగే మొరాయించాయి. దించకూడదు, కానీ ఆగొచ్చు. ఆగాను. పైకి చూస్తే ఇంకా రెండు మెట్లు, కొండంత. అప్పుడు గోడ మీది చీటీలు గుర్తొచ్చాయి. ఇరవయ్యో మెట్టు మెట్టు కాదు, పడవ చీటీ మార్చడానికి వెళ్తున్నాననుకున్నాను. ఒక అడుగు. ఇంకో చీటీ ఉంది. ఇంకో అడుగు.

పైనున్న ముంతాజ్ బిందెలోకి తొంగి చూసింది. "మెడ దాకా ఉన్నాయి. చాలు" అంది. నా చొక్కా జేబు తడిమి, లోపల మట్టే ఉందని చూసి, నన్ను గట్టిగా వాటేసుకుంది.

బయట అందరూ గుప్పిళ్ళతో మరమరాలు విసిరారు. మళ్ళీ మేమే ఊడ్చాం.

కింద, రోజు 6

అయిదు రోజులు ఆసుపత్రిలో నడక నేర్పి, ఇవాళ వదిలారు. ఒంటి బరువు తెలుస్తోంది. కనురెప్పకి కూడా బరువుందిక్కడ. చేతికర్ర సాయంతో నడవగలుగుతున్నాను.

రేవు దగ్గర గుట్ట మీద రేకుల షెడ్డు. వేట నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇసకలో తాళ్ళు వదులుగా పడున్నాయి, చప్పుడు లేదు. అయినా షెడ్డులోంచి ఆ కిర్రు కిర్రు వినిపించింది.

తలుపు తోశాను. వైర్‌లెస్ ముందు పాత చెక్క కుర్చీ. దాని నిండా ఒక పెద్దావిడ. చెయ్యి చాస్తే అందేలా నీళ్ళ కూజా, తమలపాకుల డబ్బా, విసనకర్ర. గోడవారగా కొక్కెం ఉన్న కర్ర. నాది కూడా అచ్చం అంతే ఉండేది. ఆవిడ కాళ్ళు వాచిపోయి పీట మీదున్నాయి. నన్ను చూసి కదిలేసరికి కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

"గురమ్మత్తా?" అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. "సూసీసినావా. మూడేళ్ళయిందే గుంటా నాను నీటి కాడికి దిగి. ఈ వైర్‌లెస్ పెట్టి గుట్ట మీదెట్టినారు. నాను లేసెల్తే ఎవులు పలుకుతారు? కూకున్నాను, కూకున్నాను, ఇంక లేవనేకపోనాను."

"మరి వందసార్లు తిరుగుతానన్నావు?"

"తిరిగింది మాయమ్మ. గంప నెత్తినెట్టుకుని. దాన్ని తల్సుకుని నీకు సెప్పినాను. నువ్వు పైనుండి ఎక్కినాను, ఎక్కినాను అంతంటే, నానే ఎక్కినట్టుండీదే."

మూడు సెకన్లు ఆగాల్సిన పని లేదిప్పుడు, అయినా ఆగిపోయాను. నాకు కోపం రావాలి. రాలేదు. ఇరవై ఒక్క మెట్లూ ఏ మనిషిని తలుచుకుని ఎక్కానో, ఆ మనిషి నా కంటే గట్టిగా కుర్చీకి అతుక్కుపోయి ఉంది. నేను చొక్కాలో మరమరాలు కూరుకుంటే, ఆవిడ మాటల్లో కూరుకుంది.

"ఇద్దరం నీటి కాడికెల్లి నిలబడదామన్నావు. లే" అని చెయ్యి చాచాను.

"నా వల్ల కాదే."

"ఒకేసారి కుమ్మరించొద్దు. ఒక మెట్టు. తర్వాత ఇంకొకటి."

లేచింది. నా కర్ర తనకిచ్చి, తన కొక్కెం కర్ర నేను పుచ్చుకున్నాను. గుట్టకి చెక్కిన మెట్లు ఇరవై మూడు. ప్రతి మెట్టు మీదా ఆగాం. ప్రతి మెట్టు మీదా నన్ను, నన్ను పైనుంచి పంపినవాళ్ళని, గుట్టని, గుట్ట మీద షెడ్డు కట్టినవాళ్ళని తిట్టింది. పన్నెండో మెట్టు దగ్గర తిట్లు ఆపి, "మాయమ్మ ఇలాగే దిగీది" అంది.

సగం దారిలో పైన వైర్‌లెస్ బరబరమంది. మున్నేరు గొంతు. "గురమ్మ గారూ, నాగావళి చేరిందా? గురమ్మ గారూ?"

ఆవిడ అలవాటు కొద్దీ వెనక్కి తిరగబోయింది. "పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి అత్తా. వాణ్ణి ఆగనీ" అన్నాను.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. పాదాల కింద ఇసక కదిలి జారిపోతోంది. దాంతోపాటు నేనూ పడబోయాను, గురమ్మత్త పట్టుకుంది. తర్వాత ఆవిడ పడబోయింది, నేను పట్టుకున్నాను. ఇద్దరం నవ్వుతున్నాం, ఇద్దరి మొహాలూ తడిగా ఉన్నాయి. గుట్ట మీంచి మున్నేరు పిలుస్తూనే ఉన్నాడు. మూడు సెకన్లయ్యాయి, ముప్ఫై అయ్యాయి. పన్నెండేళ్ళలో మొదటిసారి గురమ్మత్త పలకలేదు.